తవుడికిచ్చిన పిల్ల

పోయిన వారం విజయనగరంలో ఒక ఆసుపత్రి వరండాలో నర్సమ్మాయి నన్నొక మాట అడిగింది. స్ట్రెచర్ మీద పడుకున్న ముసలావిణ్ణి చూపించి, "ఈవిడ మీకేమవుతారండీ?" అంది. లోపల ఆపరేషనుకి సిద్ధం చేస్తున్నారు. రోగిని లోపలికి తీసుకెళ్ళే ముందు ఎవరైనా అడిగే మాటే. నాకు మాత్రం అది మామూలు మాట కాదు. ఆ పిల్లకి ఏం చెప్పానో ఇప్పుడే చెప్తే మీకు నా మీద కోపం వస్తుంది. ముందు మిగతాది వినండి.

స్ట్రెచర్ మీదున్నది మా అమ్మ. ఈ మాట కాగితం మీద రాయడానికి నాకు భయం లేదు. ఈ మాట వినకూడని ఒకావిడ గుమ్మం దగ్గర నిలబడి వింటూ ఉంటుందని మా మామ్మ చెప్పింది గాని, ఆవిడకి చదవడం వచ్చని చెప్పలేదు. పేర్లు మాత్రం రాయను. ఉన్న ధైర్యాన్ని మరీ పరీక్షించడం మంచిది కాదు.

ఆవిడంటే ఎవరో చెప్పాలి. మాది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డున ఒక పల్లె. నాకు ముందు పుట్టిన ముగ్గురూ పళ్ళు రాకుండానే పోయారు. ఆ ముగ్గుర్నీ ఒకావిడ పట్టుకుపోయిందనీ, నాలుగోదాని కోసం కాసుక్కూచుందనీ మామ్మ నమ్మకం. ఆవిడ దేవతో, దెయ్యమో, మరేమిటో మామ్మ ఎన్నడూ విప్పి చెప్పలేదు. పేరు పలికితే పిలిచినట్టవుతుందని "ఆవిడ" అనే అనేది, అదీ తల వంచుకుని.

అలాంటి ఇళ్ళల్లో పుట్టిన పిల్లల్ని, ఆ ఇంటి పిల్లలు కాదనిపించడానికి, మా వైపు తవుడికిచ్చేస్తారు. నేను పుట్టినప్పుడు, మా దగ్గర ఎండుచేపలు తీసుకుని బియ్యం ఇచ్చే రైతుల ఇంటావిడ ఒకామె పైఊరి నుంచి వచ్చింది. నన్ను చేటలో పడుకోబెట్టి ఆమె చేతిలో పెట్టారు. ఆమె మా అమ్మ కొంగులో తవుడు పోసింది. బేరం అయిపోయింది. ఆ తవుడు మామ్మ కోళ్ళకి వేసేసిందట. మర్నాడు ఆమే నన్ను తిరిగి తెచ్చి, నా పిల్లని పెంచిపెట్టమని అమ్మకి అప్పగించి వెళ్ళింది. నాకు తవుడు పేరే పెట్టారు. ఆ పేరున్నవాళ్ళు మా రెండు జిల్లాల్లో కొల్లలు, ఎవరూ నవ్వరు.

మిగతా ఇళ్ళల్లో పిల్లకి నడక వచ్చి, నాలుగు ఆటలు ఆడేసరికి ఈ సంగతి పేరులో తప్ప ఎక్కడా మిగలదు. మా ఇంట్లో ముగ్గురు పోయారు కదా, మామ్మ దేన్నీ వదల్లేదు. నేను అమ్మని అమ్మా అని పిలవకూడదు. అమ్మ నన్ను నా పిల్ల అనకూడదు. మా చిన్నత్త అమ్మని ఒదినా అనేది కాబట్టి నేనూ ఒదినా అనేదాన్ని. సాయంత్రాలు మామ్మ పొయ్యి ముందు కూర్చుని మెత్తళ్ళు వేయించేది. ఆ ఎండు చేపలు పెనం మీద చిటపటమంటుంటే పాక నిండా ఉప్పు వాసన, పొగ. నా చేతిలో చోడి అంబలి గిన్నె, అంటే రాగి జావే. అప్పుడు మామ్మ నాకు పాఠం అప్పజెప్పించుకునేది.

"ఒసే గుంటా, నువ్వెవరి పిల్లవని అడిగితే ఏటని సెప్తావు?"

"పైఊరోల పిల్లని."

"మరి ఒదినకి నువ్వేటవుతావు?"

"ఏటీ అవను."

"అదీ," అనేది మామ్మ. ఒక వేయించిన మెత్తళ్ళ చేప నా అంబలి గిన్నెలో పడేది. గుమ్మం వైపు తిరిగి, కొంచెం గొంతు పెంచి, "ఇన్నావా, మా గుంట కాదు," అనేది. నేను అటు చూసేదాన్ని. చీకటీ, ఇసుకా తప్ప ఏమీ కనపడేది కాదు. కనపడకపోవడం వల్లే నాకు భయం ఎక్కువయ్యేది.

చిన్నప్పుడు ఆ పాఠం ఒక్కసారి తప్పాను. ఒడ్డున ఆడుకుంటుంటే ఒక పిల్ల, "నీకు అమ్మ నేదు, నిన్ను తవుడికి కొన్నారు," అని ఏడిపించింది. ఆ వయసులో ఎంతకని ఊరుకుంటాం? "ఒదినే మాయమ్మ," అని సముద్రానికి వినపడేలా అరిచాను. ఆ సాయంత్రం గాలి లేచింది. తెప్పలన్నీ తిరిగి వచ్చాయి, మా అయ్యది తప్ప. ఆడవాళ్ళంతా ఒడ్డున నిలబడి నీళ్ళకేసి చూస్తున్నారు. అమ్మ మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడిపోయింది. అరిచిన సంగతి ఎవరు చెప్పారో గాని మామ్మ నా రెక్క పట్టుకుని, "ఏటన్నావే, ఏటన్నావు?" అని అడిగింది. కొట్టలేదు. కొట్టినా బాగుండేది. ఆ ముసలి వేళ్ళ పట్టు ఇప్పటికీ నా రెక్కకి తెలుస్తుంది.

అయ్య మర్నాడు పొద్దున్నే వేరే పల్లె ఒడ్డుకి చేరి, నడిచి ఇంటికొచ్చాడు. అందరూ గాలి అన్నారు. నాకు మాత్రం గాలిని ఎవరు పంపారో, ఎందుకు పంపారో స్పష్టంగా తెలిసిపోయింది. ఆ తరవాత చాలా ఏళ్ళు నా నోట అమ్మ అన్న మాట రాలేదు.

తుపాను వచ్చిన ఏడాది లూథరన్ మిషను వాళ్ళు మా పల్లెలో ఒక బడి పెట్టారు. అక్కడ బాగా చదువుతున్నానని నన్ను హాస్టలుకీ, ఆ తరవాత సాలూరు పోయే దారిలో కొండల వైపున్న వాళ్ళ ఆడపిల్లల కాలేజీకీ పంపారు. సాయంకాలం ప్రార్థన మధ్యలో సాలూరు లారీలు రోడ్డు మీద హారన్లు కొట్టుకుంటూ పోయేవి. హార్మోనియం వాయించే టీచరమ్మ ఆ హారను ఆగేదాకా వేలు ఒకే మెట్టు మీద నొక్కిపట్టి ఉంచేది. చర్చిని గుడి అనేవాళ్ళం, ఆ గుడిలో కరిగిన కొవ్వొత్తుల వాసన, తడిసిన చెక్క బెంచీల వాసన. హాస్టల్లో పప్పుచారు. అందులో పప్పుని వెతుక్కోవాలి.

నా గదిలో ఉండే పిల్లది గరివిడి. వాళ్ళ నాన్న అక్కడి ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని. క్రైస్తవుల పిల్లే గాని భక్తి కన్నా ఆకలి ఎక్కువ. నా పెట్టెలో మెత్తళ్ళ పొట్లం ఉందని వాసన పట్టేసి, ఇస్త్రీపెట్టె తిరగేసి దాని మీద వేయించడం కనిపెట్టింది. ఆ వాసన మేడంతా పాకేది. వార్డెనమ్మ ముక్కుతో వెతుక్కుంటూ ఒక్కో గదీ తలుపు తట్టేది. మేము బైబిలు తెరిచి కూర్చునేవాళ్ళం. ఆ ఏడాది మా బట్టలన్నీ చేపల కంపే.

మా ప్రిన్సిపాలమ్మగారు తెల్ల చీర, పెద్ద కళ్ళజోడు. వారానికోసారి మాకు ఆవిడే ఒక క్లాసు తీసుకునేవారు. దానికి పరీక్ష లేదు. "తెలుసుకోవలసినవాటిలో మొదటిది నిన్ను నువ్వు. అది తెలియకుండా డిగ్రీ ఇస్తే పొలానికి గట్టు వేసి నాట్లు మానేసినట్టే," అనేవారు. మనిషి ఒకేసారి రెండూ అనీ, తప్పుచేసినవాడూ అతనే, క్షమాపణ పొందినవాడూ అతనే అనీ, ఒకటి కొట్టేసి రెండోది రాయడానికి లేదనీ చెప్పేవారు. తక్కిన పిల్లలు బుర్ర గోక్కున్నారు. నాకు చప్పున అర్థమైంది. పుట్టిన దగ్గర్నుంచీ నేను ఒకావిడకి పిల్లనీ, పిల్లని కానిదాన్నీ కదా.

అంతవరకూ బాగానే ఉంది. ప్రిన్సిపాలమ్మగారి పద్ధతి ఇంకొకటుంది. శనివారం సాయంత్రం ప్రార్థన అయ్యాక ఒక పిల్ల బలిపీఠం ముందు నిలబడి, తానెవరో, ఎవరి పిల్లో, ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పాలి. "మీరు ఏ దేవుడికి మొక్కినా నాకు పేచీ లేదు. దాక్కోవద్దు, అంతే. దేవుడికి ప్రతివాళ్ళూ పేరుపేరునా తెలుసు. ఆయనకి తెలిసినదాన్ని మనం పైకి చెప్పడానికి భయమెందుకు?" అనేవారు.

మిగతా పిల్లలకి ఆ మాటతో ధైర్యం వచ్చేది. నాకు ఉన్నదీ పోయింది. నేను బతికి ఉన్నదే పైన ఎవరికీ నా సంగతి తెలియకపోవడం వల్ల. ఇక్కడేమో ఒక దేవుడు అంతా తెలుసుకుని కూర్చున్నాడు. ఆయన మాట జారితే? ఆయనా, మామ్మ చెప్పిన ఆవిడా ఒకే ఆకాశంలో ఉండేవాళ్ళే కదా, ఎప్పుడో ఎదురుపడి ఆవిడ అడిగితే, అబద్ధం ఆడనివాడు ఏం చెప్తాడు? నవ్వకండి. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు, లాజిక్కు పాఠంలో క్లాసు ఫస్టు. ఆ లాజిక్కే నా ప్రాణం మీదికి తెచ్చింది.

నా వంతు వచ్చిన మొదటి శనివారం చంకలో ఉల్లిపాయ పెట్టుకుని పడుకున్నాను. జ్వరం వస్తుందంటారు. రాలేదు గాని వార్డెనమ్మ దగ్గరికి వచ్చి వెంటనే వెనక్కి తగ్గింది. తరవాతి వారం గరివిడి పిల్ల నా బదులు రెండోసారి నిలబడి, తన సంగతే మళ్ళీ చెప్పింది. ఇక మూడో వారానికి దారి మూసుకుపోయింది.

అమ్మ అప్పుడప్పుడు కాలేజీకి వచ్చేది. ఎలా వచ్చేదో చెప్పాలి. నెత్తిన ఎండుచేపల బుట్టతో గేటు దగ్గర దిగేది. వార్డెనమ్మ, "మా పిల్లల్లో ఎవరికైనా చుట్టానివా?" అని అడిగితే, "ఏటీ అవనమ్మా, సేపలమ్ముకుంటన్నాను," అనేది. నలుగురు పిల్లలతో కలిసి నేనూ బేరానికి వెళ్ళేదాన్ని. అందరితో అన్నట్టే నాతోనూ, "ఏటమ్మా, ఇలగ సిక్కిపోనావు? బాగ తినాల," అనేది. నా పొట్లం మిగతావాటికన్నా బరువుగా ఉండేది. అందుకునేటప్పుడు మా వేళ్ళు తగిలేవి. నాకు ఆ ఒక్కటే. కొన్నదాన్ని కొన్నట్టు లోపలికి పోయి, మేడ మీది కిటికీలోంచి ఆ బుట్ట మలుపు తిరిగేదాకా చూసేదాన్ని.

నా వంతు తప్పించుకోలేని శనివారమే అమ్మ వచ్చింది. వాన పట్టుకుంది. బస్సుకి ఇంకా టైముందని, తడుస్తోందని, వార్డెనమ్మ జాలిపడి ఆమెని గుడిలో ఆఖరి బెంచీలో కూర్చోమంది. నేను బలిపీఠం ముందుకి వెళ్ళి వెనక్కి తిరిగేదాకా ఆ సంగతి తెలియదు. తిరిగి చూస్తే ఆఖరి వరసలో, బుట్ట ఒళ్ళో పెట్టుకుని, తడి కొంగుతో మొహం తుడుచుకుంటూ మా అమ్మ.

గరివిడి పిల్లకి అసలు సంగతి చెప్పకుండానే, దానితో కలిసి ఒక అబద్ధం తయారుచేసి ఉంచాను. నన్ను తవుడికి కొన్న పైఊరి ఆమెనే నా తల్లిగా చెప్పేస్తే పూర్తి అబద్ధమూ కాదు, ప్రమాదమూ లేదు. "మాది రైతుల కుటుంబం," అని మొదలుపెట్టాను. "మా అమ్మ వరి పండిస్తుంది." వెనక అమ్మ మొహం తేటపడింది. మెల్లగా తల ఊపింది, పాఠం అప్పజెప్పించుకునే మామ్మలాగే.

అంతలో ఆమె పక్కనున్న పిల్ల పైట ముక్కుకి అడ్డం పెట్టుకుంది. తడిసిన చేపల బుట్ట కదా, కంపే. ఆ పిల్ల జరిగి జరిగి బెంచీ చివరికి పోయింది. ముందు బెంచీలో ఇద్దరు వెనక్కి తిరిగి చూసి, ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకుని నవ్వారు. అమ్మ బుట్టని తన కాళ్ళకింద దాచుకోవడానికి చూసింది. నా ఒంట్లో భయం ఉన్నచోట భయం ఉండగానే, దాని పక్కన కోపం వచ్చి నిలబడింది.

"నేను చెప్పింది నిజం కాదు," అన్నాను. "వెనక బెంచీలో కూర్చున్నావిడ మా అమ్మ. చేపలమ్ముతుంది. నేను ఆవిడ కూతుర్ని."

అమ్మ లేచి నిలబడింది. ఆమె మొహం చూశాను. ఆరోజు నీళ్ళలో నిలబడి అయ్య తెప్ప కోసం చూసిన మొహం అది.

"కాదమ్మా," అంది. "ఆ గుంటెవరో నాకు తెల్దు."

ప్రిన్సిపాలమ్మగారు నెమ్మదిగా, "భయపడకమ్మా. నీ కూతురేనా?" అని అడిగారు.

"కాదంటన్నాను కదమ్మా. నాను సేపలమ్ముకునేదాన్ని. నాకూ ఆ గుంటకీ ఏటీ నేదు." అప్పుడు తల ఎత్తి, మాలో ఎవరితోనూ కాక, గుడి పైకప్పుతో అంది. "నాకు పిల్లల్నేరు. ముగ్గురూ పోనారు. ఇన్నావా? నాకింకెవురూ నేరు."

బుట్ట ఎత్తుకుని వానలోకి వెళ్ళిపోయింది. పిల్లలు గుసగుసలాడారు. చేపలామె తల్లి అని చెప్పుకునే వింతపిల్లనని కొందరు, పిచ్చి పట్టిందని కొందరు. నేను వెనకాల పరిగెత్తలేదు. పరిగెడితే నేను కూతుర్నని ఇంకోసారి చెప్పినట్టే.

గదికి వచ్చాక గరివిడి పిల్ల తలుపేసి, "ఏటే, మీ ఇద్దర్లో ఎవరబద్ధం ఆడినారు? నువ్వా, ఆవిడా?" అని అడిగింది.

"ఇద్దరం నిజమే చెప్పాం," అన్నాను. అప్పటికే పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

అది భయమే అనుకున్నాను. కాదు, చలిజ్వరం. ఉల్లిపాయకి రాని జ్వరం తనంతట తాను వచ్చింది. దుప్పట్ల కింద వణుకుతూ, తలుపు బయట చెప్పుల చప్పుడైనప్పుడల్లా ఆ ముగ్గుర్నీ పట్టుకుపోయినావిడే వచ్చిందనుకునేదాన్ని. తీరా చూస్తే వార్డెనమ్మ గంజి తెచ్చేది. చచ్చిపోతాననే అనుకున్నాను. ఇంత చదువు చదివి, మామ్మ మాట ఒక్కటి నిలబెట్టుకోలేక చచ్చిపోతున్నానే అని ఏడుపొచ్చింది. నేను పోతే అమ్మకి పోయిన పిల్లలు నలుగురవుతారు. ఆ ఆలోచన దగ్గరకొచ్చినప్పుడు ఇక ఏడవడానికి కూడా భయం వేసేది.

ఒక మధ్యాహ్నం ప్రిన్సిపాలమ్మగారు వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. ఆవిడకి తవుడు సంగతి, చేట సంగతి, ఆ ముగ్గురి సంగతి అన్నీ చెప్పేశాను. ఎలాగూ పోతున్నాను కదా అని ఒక ప్రశ్న కూడా అడిగాను.

"మీ దేవుడికి నేనెవరో తెలుసన్నారు. ఆయన ఆవిడతో చెప్పేస్తాడా అమ్మగారూ?"

ఆవిడ నవ్వుతారనుకున్నాను. కళ్ళజోడు తీసి పైటతో చాలాసేపు తుడిచారు. "చెప్పడు," అన్నారు. "ఆయన కడుపులో మాట దాచుకోగలడు. నీ సంగతి నీకు తెలిస్తే చాలు, ఆయనకి తెలిస్తే చాలు. ఊరందరికీ చెప్పాలని నేను పెట్టాను గాని ఆయన పెట్టలేదు." కళ్ళజోడు పెట్టుకుని, "తన గురువుని పట్టుకుపోతే ఆయన్ని ఎరగనన్న శిష్యుడి కథ, బైబిల్లోది, మీకు చెప్పాను, గుర్తుందా? వాడు తన ప్రాణం దక్కించుకోడానికి అన్నాడు. మీ అమ్మ నీ ప్రాణం కోసం అంది. అలా కాదనిపించుకోవడం అందరికీ దొరకదు," అన్నారు. మాత్ర మింగించి, నుదురు తడిమి, వెళ్ళారు.

ఆ తరవాత శనివారాల పద్ధతి ఆవిడ మానలేదు. చెప్పగలిగినంతే చెప్పండి, మిగిలింది ఆయన దగ్గర భద్రం అనడం మాత్రం మొదలుపెట్టారు.

బతికాను. అది కాంపౌండరు చేదుమాత్రల గొప్పా, ప్రిన్సిపాలమ్మగారి ప్రార్థనా, నాకు తెలియదు. అమ్మకి మాత్రం సందేహం లేదు. తరవాతి నెల గేటు దగ్గర చేపలు తూస్తూ, తల ఎత్తకుండా, "నాను కాదనకపోతే ఏటయ్యేదో సూసుకున్నావా?" అంది. ఆ పొట్లం ఎన్నడూ లేనంత బరువుంది.

తరవాత నేనూ కాలేజీ లెక్చరర్నయ్యాను. ఏళ్ళ తరబడి పిల్లలకి ఆ పాఠమే చెప్పాను, నిన్ను నువ్వు తెలుసుకో, దాక్కోకు అని. మామ్మ పోయింది, అయ్య పోయాడు, తవుడు పోసిన పైఊరి ఆమె పోయింది, ఆ గుడిలో ఇప్పుడు హార్మోనియం లేదు. ఇంట్లో నేనూ అమ్మా మిగిలాం. ఒకే పళ్ళెంలో తిన్నా నేను ఒదినా అనే పిలుస్తాను. మానెయ్యొచ్చు కదా అని స్నేహితురాళ్ళు అంటారు. చెప్పడం తేలికే. ఒకసారి ఇంట్లో చేరిన భయానికి రిటైర్మెంటు వయసంటూ ఉండదు.

ఇప్పుడు ఆసుపత్రికి రండి. నర్సమ్మాయి మళ్ళీ అడిగింది, "మేడమ్, పేషెంటు మీకేమవుతారు? అమ్మగారా?"

అవునని చెప్పడానికే నోరు తెరిచాను. వరండా చివర తలుపు తెరిచి ఉంది. ఆ తలుపు దగ్గర ఎవరూ లేరు. చిన్నప్పటిలాగే, ఎవరూ కనపడకపోవడమే నన్ను భయపెట్టింది. చిన్నప్పుడు భయమంతా నా గురించే. ఈసారి స్ట్రెచర్ మీదున్నది అమ్మ. ఎముకలగూడు, పాదాలు ఎంత చల్లగా ఉన్నాయంటే, అప్పటికి అరగంట నుంచీ నా రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను.

"ఏటీ అవదమ్మా," అన్నాను, తలుపు వైపు తిరిగి, కొంచెం గొంతు పెంచి. "మా వీధిలో సేపలమ్ముకునే ముసిలమ్మ. నాకేటీ కాదు."

నర్సమ్మాయి నా చేతుల్లో ఉన్న ఆ పాదాలకేసీ, తడిసిన నా మొహంకేసీ చూసింది. అమ్మ కళ్ళు తెరవలేదు. ఎండిపోయిన పెదవులు కదిలాయి.

"అదీ," అంది.